హాబ్స్‌బర్గ్ వంశవృక్షాన్ని మన వరసలతో గీయడం ఎలా

యూరప్ చరిత్ర చదివేవాళ్లు ఆస్ట్రియా, స్పెయిన్‌లను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశం దగ్గర తడబడేది యుద్ధాల వల్ల కాదు, చుట్టరికాల వల్ల. ఇంగ్లీషు పుస్తకం "కజిన్" అని ఊరుకుంటుంది. ఆ కజిన్ మేనత్త కూతురా, పినతల్లి కూతురా? "అంకుల్" అన్నది బాబాయినా, మేనమామనా? తెలుగులో ఈ సంగతి తేల్చకుండా మాటే నడవదు. అందుకే ఈ వంశవృక్షాన్ని తెలుగు వరసలతో గీస్తే, ఇంగ్లీషు చార్టుల్లో కనపడని సంగతులు బయటపడతాయి: ఎవరు మేనకోడల్ని చేసుకున్నారు, ఎవరు కుండమార్పిడి చేశారు, మన లెక్కలో అసలు వరస కుదరని పెళ్లి ఏది.

ఒక్క జాగ్రత్త ముందే చెప్పుకోవాలి. మేనరికం, వరస అన్నవి మన కళ్లజోడు. వాళ్లకి అత్త పిల్లలైనా పిన్ని పిల్లలైనా ఒకటే. చర్చి నియమం ప్రకారం దగ్గర చుట్టాల పెళ్లి దేనికైనా పోప్ అనుమతి కావాలి, అది ప్రతిసారీ తెచ్చుకున్నారు. రక్తసంబంధం లెక్క కూడా ఈ రెండింటికీ తేడా చూపదు.

కావలసినవి: 22×28 అంగుళాల తెల్ల చార్టులు మూడు (ఒకటి చీటీలకి), హెచ్‌బీ పెన్సిల్, 60 సెం.మీ. స్టీలు స్కేలు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఎరుపు బాల్ పెన్నులు, గ్లూ స్టిక్. విశాఖలో ద్వారకానగర్‌లోనో జగదాంబ దగ్గరో ఏ స్టేషనరీ షాపులోనైనా ఇవన్నీ దొరుకుతాయి. స్కెచ్ పెన్నులు వద్దు. విశాఖ ఉక్కకి చార్టు తేమ పీల్చుకుని ఉంటుంది, స్కెచ్ పెన్ను గీత పాకి సన్న అక్షరాలు అలుక్కుపోతాయి. జెల్ పెన్ను అరచేతి చెమటకి చెదురుతుంది. రాసేటప్పుడు చేతి కింద ఒక తెల్లకాగితం పెట్టుకోండి. ద్రవం గమ్ముతో చీటీలు అతికిస్తే చార్టు ముడతలు పడుతుంది, అందుకే గ్లూ స్టిక్.

ఇక అసలు కిటుకు. వంశవృక్షం గీసేవాళ్లందరూ తరానికో వరుస చొప్పున గళ్లు వేస్తారు. హాబ్స్‌బర్గుల దగ్గర ఆ పద్ధతి నాలుగో వరుసలోనే చెడిపోతుంది, ఎందుకంటే మేనమామ నాలుగో వరుసలోనూ పెళ్లికూతురు ఐదో వరుసలోనూ ఉంటారు. ఇద్దరినీ ఒకే వరుసలో పెడితే ఆమె తల్లి ఎక్కడికి పోవాలి? కాబట్టి తరాలు వదిలేసి సంవత్సరాల కొలత పెట్టుకోండి. 1 సెం.మీ. అంటే 4 ఏళ్లు, 2.5 మి.మీ. అంటే ఒక ఏడు. చార్టును నిలువుగా పెట్టి, పైఅంచు నుంచి 7 సెం.మీ. కింద అడ్డగీత గీయండి. అది 1450. అక్కడి నుంచి 62.5 సెం.మీ. దిగితే 1700. మనిషి గడి పైఅంచు అతను పుట్టిన ఏడు మీద ఉండాలి. లెక్క తేలిక: పుట్టిన ఏడులోంచి 1450 తీసేసి 4తో భాగించండి. ఐదో చార్లెస్ 1500లో పుట్టాడు, అంటే 50ని 4తో భాగిస్తే 12.5 సెం.మీ. ఇక్కడ 30 సెం.మీ. స్కేలు వాడితే రెండు మూడుసార్లు జరపాలి, జరిపినప్పుడల్లా ఒకటి రెండు మిల్లీమీటర్లు పోతాయి, కిందకి వచ్చేసరికి ఏడాది తేడా వస్తుంది. 60 స్కేలు అందుకే.

వెడల్పు 56 సెం.మీ. ఎడమ 5 సెం.మీ. సంవత్సరాల నిచ్చెనకి వదలండి, పదేళ్లకో గీత. కుడివైపు 7 సెం.మీ. ఇంకో పనికి వదలండి, దాని సంగతి తర్వాత. మధ్యలో మిగిలిన 44 సెం.మీ.లో గళ్లు. గడి 5 సెం.మీ. వెడల్పు, 1.4 ఎత్తు, గడికీ గడికీ మధ్య 1.5 ఖాళీ. ఈ కొలతకి కారణం 1500–1507. ఆ ఎనిమిదేళ్లలో మనకి కావలసిన ఏడుగురు పుట్టారు, ఏడు గళ్లూ ఆరు ఖాళీలూ కలిపితే సరిగ్గా 44. గళ్లు పెద్దవి చేస్తే అక్కడే ఇరుక్కుంటారు.

గళ్లు నేరుగా చార్టు మీద రాయకండి. మొత్తం 39 చీటీలు కోసి, పేరూ పుట్టిన ఏడూ రాసి, ముందు పరిచి చూసుకోండి. స్పెయిన్ పాలించినవాళ్లకి నీలం, ఆస్ట్రియా వైపువాళ్లకి ఆకుపచ్చ, బయటి నుంచి వచ్చినవాళ్లకి నలుపు. ఏ చీటీ మీదా పుట్టిన ఏడు లేకుండా పేరు రాయొద్దు. ఈ చార్టులోనే మరియా అన్నాలు ముగ్గురు (1551, 1574, 1606), అన్నాలు ముగ్గురు (1503, 1528, 1549). ఇద్దరు "రెండో చార్లెస్"లు కూడా ఉన్నారు: స్టిరియా (ఆస్ట్రియాలో ఒక ప్రాంతం) పాలకుడు ఒకడు (1540), స్పెయిన్ ఆఖరి హాబ్స్‌బర్గ్ రాజు ఒకడు (1661). గందరగోళం రాకుండా రెండో అతన్ని స్పెయిన్ పలుకుబడిలో కార్లోస్ అని రాసుకోండి. ఐదో చార్లెస్ కూడా చక్రవర్తిగా ఐదోవాడు, స్పెయిన్ రాజుగా మొదటివాడు. రెండు సంఖ్యలూ ఒకే గడిలో రాయండి, లేకపోతే రెండు పుస్తకాలు చూసినప్పుడు ఇద్దరు మనుషులనుకుంటారు.

1450 గీత నుంచి ఎన్ని సెంటీమీటర్లు దిగాలో ఇదీ పట్టిక:

ఇసబెల్లా (కాస్టీల్) 1451 – 0.25, ఫెర్డినాండ్ (అరగాన్) 1452 – 0.5, మేరీ (బర్గండీ) 1457 – 1.75, మాక్సిమిలియన్ 1459 – 2.25; మాన్యుయెల్ (పోర్చుగల్) 1469 – 4.75

ఫిలిప్ (అందగాడు) 1478 – 7. హువానా 1479 – 7.25, రెండో క్రిస్టియన్ (డెన్మార్క్) 1481 – 7.75, మరియా (హువానా చెల్లెలు) 1482 – 8

ఐదో చార్లెస్ 1500 – 12.5, ఇసబెల్లా (డెన్మార్క్ రాణి) 1501 – 12.75; మూడో జాన్ (పోర్చుగల్) 1502 – 13; ఇసబెల్లా (పోర్చుగల్), ఒకటో ఫెర్డినాండ్, అన్నా (హంగరీ) ముగ్గురూ 1503 – 13.25, కేథరిన్ 1507 – 14.25

ఫ్రాన్సిస్ (లొరేన్) 1517 – 16.75, క్రిస్టీనా 1521 – 17.75, రెండో ఫిలిప్, రెండో మాక్సిమిలియన్, మరియా మాన్యుయెలా 1527 – 19.25, మరియా (ఫిలిప్ చెల్లెలు), అన్నా (బవేరియా రాణి), ఐదో ఆల్బర్ట్ (బవేరియా) 1528 – 19.5; చార్లెస్ (స్టిరియా) 1540 – 22.5

రెనాటా 1544 – 23.5, డాన్ కార్లోస్ 1545 – 23.75, ఐదో విలియం (బవేరియా) 1548 – 24.5, అన్నా 1549 – 24.75, మరియా అన్నా 1551 – 25.25, మరియా అన్నా 1574 – 31, మూడో ఫిలిప్, రెండో ఫెర్డినాండ్ 1578 – 32, మార్గరెట్ 1584 – 33.5

నాలుగో ఫిలిప్ 1605 – 38.75, మరియా అన్నా (స్పెయిన్) 1606 – 39, మూడో ఫెర్డినాండ్ 1608 – 39.5, మరియానా 1634 – 46, కార్లోస్ 1661 – 52.75

బవేరియా పాలకులు అప్పటికి డ్యూకులే, రాజులు కారు. "బవేరియా రాణి" అన్నది గుర్తు కోసం పెట్టుకున్న మాట.

1500 నాటి ఏడుగురినీ ఎడమ నుంచి ఇలా పేర్చండి: జాన్, కేథరిన్, ఇసబెల్లా (పోర్చుగల్), చార్లెస్, ఫెర్డినాండ్, అన్నా, ఇసబెల్లా (డెన్మార్క్). భార్యాభర్తలు పక్కపక్కన వస్తారు. తోబుట్టువుల గీతలు మాత్రం ఒకదాన్నొకటి దాటతాయి. ఒకే ఎత్తులో గీస్తే కేథరిన్ ఎవరి కూతురో తెలియదు. మాన్యుయెల్ పిల్లల గీత 10 సెం.మీ. ఎత్తులో, హువానా పిల్లల గీత 11 సెం.మీ. ఎత్తులో వేయండి.

పైన వదిలిన 7 సెం.మీ.లో 1450కి ముందు కథ నాలుగు ముక్కల్లో సరిపోతుంది. వంశానికి పేరిచ్చిన కోట ఇప్పటి స్విట్జర్లాండ్‌లోని ఆర్‌గావ్‌లో ఉంది. 1273లో రుడోల్ఫ్ జర్మనీ రాజుగా ఎన్నికయ్యాడు. 1278లో మార్చ్‌ఫెల్డ్ యుద్ధంలో బొహీమియా రాజు ఒట్టకార్‌ని ఓడించి, 1282లో ఆస్ట్రియాని కొడుకులకి ఇచ్చాడు. ఆ సొంత కోట ఉన్న ఊళ్లు 1415లో స్విస్‌వాళ్ల చేతికి పోయాయి. 1358–59లో నాలుగో రుడోల్ఫ్ తన వంశానికి ప్రత్యేక హక్కులున్నట్టు దొంగపత్రాలు పుట్టిస్తే, 1453లో అదే వంశపు చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ వాటిని ఖాయం చేశాడు. ఈ ఫ్రెడరిక్ కొడుకే మన మాక్సిమిలియన్.

ఇప్పుడు ఎర్ర పెన్ను తీయండి. నాలుగు గుర్తులు పెట్టుకోవాలి. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లికి ఒక ఎర్ర గీత. మేనకోడలితో పెళ్లికి జంట గీత. మన లెక్కలో వరస కాని పెళ్లికి అలల గీత. కుండమార్పిడికి రెండు జంటల పక్కనా చిన్న కుండ బొమ్మ.

కుండలతో మొదలుపెట్టండి. 1496లో ఫిలిప్ హువానాని చేసుకున్నాడు, 1497లో ఫిలిప్ చెల్లెలు మార్గరెట్‌ని హువానా అన్న హువాన్‌కి ఇచ్చారు. ఇది మొదటి కుండ. రెండోది 1515లో వియన్నాలో కుదిరింది: ఫెర్డినాండ్‌కి హంగరీ రాజు కూతురు అన్నా, ఆమె తమ్ముడు లూయీకి ఫెర్డినాండ్ చెల్లెలు మేరీ. మూడోది పోర్చుగల్‌తో: జాన్‌కి చార్లెస్ చెల్లెలు కేథరిన్, మరుసటి ఏడాదే చార్లెస్‌కి జాన్ చెల్లెలు ఇసబెల్లా. నాలుగోది 1615లో ఫ్రాన్స్‌తో: నాలుగో ఫిలిప్‌కి ఎలిజబెత్, ఆమె అన్న పదమూడో లూయీకి ఫిలిప్ అక్క అన్నా. పట్టికలో లేనివాళ్లకి గళ్లు వద్దు, కుండ పక్కన చిన్న అక్షరాల్లో పేర్లు రాస్తే చాలు. లేకపోతే 39 చీటీలు 60 అవుతాయి.

మూడో కుండ ఫలితం దగ్గర కాసేపు ఆగండి. చార్లెస్ కొడుకు రెండో ఫిలిప్ 1543లో జాన్ కూతురు మరియా మాన్యుయెలాని చేసుకున్నాడు. ఆమె అతనికి మేనమామ కూతురూ అవుతుంది, మేనత్త కూతురూ అవుతుంది. వాళ్ల కొడుకు డాన్ కార్లోస్. మామూలు మనిషికి ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది. డాన్ కార్లోస్‌కి నలుగురే: ఫిలిప్, హువానా, మాన్యుయెల్, మరియా. ఇంకో మెట్టు పైకి వెళితే 16 మంది ఉండాల్సిన చోట ఆరుగురే ఉన్నారు, ఎందుకంటే హువానా, మరియా అక్కచెల్లెళ్లు. గీతలు వేసి లెక్కపెట్టండి. మాన్యుయెల్ తల్లిదండ్రులిద్దరికీ ఈ చార్టులో గళ్లు లేవు, కాబట్టి మిగతా నలుగురు కనపడాలి. నాలుగు రాకపోతే ఎక్కడో గీత తప్పింది.

జంట గీతలు ఈ షీటులో మూడు. రెండో ఫిలిప్ – అన్నా (1570), స్టిరియా చార్లెస్ – మరియా అన్నా (1571), నాలుగో ఫిలిప్ – మరియానా (1649). గమనించండి, ముగ్గురూ తోబుట్టువైన ఆడపడుచు కూతుళ్లే, ఒక్కరు కూడా అన్నదమ్ముల కూతురు కారు. అన్నా, మరియానా చెల్లెలి కూతుళ్లు. చార్లెస్ చేసుకున్నది అక్క కూతుర్ని. సంవత్సరాల కొలత విలువ ఇక్కడే తెలుస్తుంది: జంట గీత ఏటవాలుగా పడుతుంది, ఆ వాలే వయసు తేడా. ఫిలిప్, అన్నాల మధ్య 5.5 సెం.మీ., అంటే 22 ఏళ్లు. నాలుగో ఫిలిప్, మరియానాల మధ్య 7.25 సెం.మీ., అంటే 29 ఏళ్లు. ఈ ఇద్దరు అమ్మాయిలూ మొదట కొడుక్కి అనుకున్న సంబంధాలు. అన్నాని డాన్ కార్లోస్‌కి అనుకున్నారు, అతను 1568లో పోయాడు. మరియానాని బాల్టసార్ కార్లోస్‌కి నిశ్చయించారు, అతను 1646లో పోయాడు. రెండుసార్లూ కోడలు కావలసిన పిల్లని తండ్రే చేసుకున్నాడు.

అలల గీతలు మూడు. ఐదో చార్లెస్ – ఇసబెల్లా అక్కచెల్లెళ్ల పిల్లలు. రెండో మాక్సిమిలియన్ – మరియా అన్నదమ్ముల పిల్లలు. మన ఇళ్లలో ఈ రెండూ అన్నాచెల్లెళ్ల వరస. మూడోది మూడో ఫిలిప్ – మార్గరెట్ (1599). అతని తల్లి అన్నా, మార్గరెట్ అన్నదమ్ముల కూతుళ్లు, కాబట్టి తల్లి వైపు నుంచి చూస్తే మార్గరెట్ అతనికి పిన్ని. తండ్రి వైపు నుంచి చూస్తే చెల్లెలు. ఇంగ్లీషు చార్టులో ఇది ఒక్క "కజిన్" మాటలో కలిసిపోయి ఉంటుంది. జంట గీత వేసిన రెండో ఫిలిప్ పెళ్లిలో కూడా ఇలాంటి చిక్కు ఉంది: అన్నా తల్లి వైపు నుంచి మేనకోడలు, తండ్రి వైపు నుంచి కూతురి వరస. అలాంటి చోట రెండు గుర్తులూ వేయండి.

మిగిలినవి ఒంటి ఎర్ర గీతలు. రెండో ఫెర్డినాండ్ చేసుకున్న 1574 నాటి మరియా అన్నా అతనికి మేనమామ కూతురు. మూడో ఫెర్డినాండ్ చేసుకున్న 1606 నాటి మరియా అన్నా మేనత్త కూతురు. ఈ ఇద్దరి కూతురే మరియానా.

అన్నీ కలిసి కార్లోస్ గడి దగ్గర ముడిపడతాయి. మూడో ఫిలిప్ అతనికి తండ్రి తండ్రి, తాత. తల్లి తల్లికి తండ్రి కూడా అతనే, కాబట్టి ముత్తాత. కన్నతల్లి మరియానా మేనత్త కూతురు కాబట్టి వరసకి వదిన. తన ఎనిమిది మంది ముత్తాతలూ ముత్తవ్వలూ అందరూ హువానా సంతతే.

చార్టు సరిగ్గా గీశారో లేదో తేల్చే పరీక్ష ఒకటి ఉంది. కార్లోస్ పూర్వీకుల్లో హువానా ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాలి. హువానా గడి మూలలో పెన్సిల్‌తో 1 వేయండి. ఆమె సంతతి కానివాళ్లకి 0. మిగతా ప్రతి గడిలో తండ్రి అంకె, తల్లి అంకె కూడి వేయండి. చార్లెస్‌కి 1, ఫెర్డినాండ్‌కి 1. రెండో ఫిలిప్‌కి 1, అన్నా (1549)కి 2, మూడో ఫిలిప్‌కి 3. మార్గరెట్‌కి 2. నాలుగో ఫిలిప్‌కి, 1606 నాటి మరియా అన్నాకి 5 చొప్పున. మూడో ఫెర్డినాండ్‌కి 4, మరియానాకి 9. కార్లోస్‌కి 5, 9 కలిపి 14 రావాలి. 13 వచ్చిందంటే రెనాటా దారి వదిలేశారు: హువానా కూతురు ఇసబెల్లా డెన్మార్క్ రాణి, ఆమె కూతురు క్రిస్టీనా, ఆమె కూతురు రెనాటా, ఆమె కూతురు 1574 నాటి మరియా అన్నా. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, డెన్మార్క్, లొరేన్ అన్న పేర్లు చూసి బయటివాళ్లనుకుంటారు. 14 కన్నా ఎక్కువ వస్తే పోర్చుగల్ ఇసబెల్లాకి 1 వేసి ఉంటారు. ఆమె హువానా చెల్లెలి కూతురు, హువానా సంతతి కాదు, ఆమెకి సున్నా.

రక్తసంబంధం ఎంత దగ్గరో అంకెల్లో కావాలంటే, ఒక బిడ్డ తల్లినీ తండ్రినీ కలిపే దారులు వెతకాలి. తండ్రి నుంచి ఉమ్మడి పూర్వీకుడి దాకా ఎక్కి, అక్కడి నుంచి తల్లి దాకా దిగండి. దారిలో ఉన్నవాళ్లందర్నీ లెక్కపెట్టండి, తల్లి, తండ్రి కూడా లెక్కలోకే, బిడ్డని మాత్రం లెక్కపెట్టకూడదు. నలుగురుంటే సగాన్ని నాలుగుసార్లు గుణించాలి, 1/16. మేనమామ–మేనకోడలు పెళ్లిలో ఇలాంటి దారులు రెండు, ఉమ్మడి తాత ద్వారా ఒకటి, అవ్వ ద్వారా ఒకటి. మొత్తం 0.125. మేనత్త కూతురైతే 0.0625. ఒక్క తాతనే లెక్కపెట్టి అవ్వని వదిలేస్తే జవాబు సగానికి పడిపోతుంది. ఒకే దారిలో ఒకే మనిషి రెండుసార్లు వస్తే ఆ దారి చెల్లదు.

మూడో ఫిలిప్‌కి వేసి చూద్దాం. చార్లెస్, ఇసబెల్లా ద్వారా 0.125. ఆ ఇద్దరి తల్లులు అక్కచెల్లెళ్లు కాబట్టి ఎనిమిది మంది ఉన్న దారులు నాలుగు, 4/256, అంటే 0.0156. అన్నా తండ్రి మాక్సిమిలియన్ వైపు నుంచి చార్లెస్, ఫెర్డినాండ్ అన్నదమ్ముల ద్వారా ఆరుగురున్న దారులు రెండు, 0.0313. అదే వైపున హువానా, మరియాల ద్వారా ఇంకో రెండు, 0.0078. మొత్తం 0.18. ఈ వంశం మీద 2009లో వచ్చిన జన్యు అధ్యయనం 16 తరాలు వెనక్కి, 3,000 మందికి పైగా మనుషుల్ని తీసుకుని మూడో ఫిలిప్‌కి 0.218 అని తేల్చింది. మన చార్టు 1450 దగ్గర ఆగిపోయింది కాబట్టి ఆ తేడా. అదే అధ్యయనంలో హువానా భర్త ఫిలిప్‌కి 0.025, రెండో ఫిలిప్‌కి 0.123, నాలుగో ఫిలిప్‌కి 0.115, కార్లోస్‌కి 0.254. తోడబుట్టినవాళ్లకి పుట్టిన బిడ్డకి వచ్చే లెక్క 0.25. నాలుగో ఫిలిప్ దగ్గర అంకె తగ్గడం చూడండి. అంకె తరతరానికీ పెరుగుతూనే పోదు, ఆ ఒక్క జంట ఎంత దగ్గరి చుట్టాలన్నదే లెక్క. 1527–1661 మధ్య స్పెయిన్ రాజకుటుంబంలో 34 మంది పిల్లలు పుడితే 10 మంది ఏడాది నిండకుండా, 17 మంది పదేళ్లు నిండకుండా పోయారు. కార్లోస్ 1700 నవంబరు 1న, 39 నిండడానికి ఐదు రోజుల ముందు, పిల్లల్లేకుండా పోయాడు.

ఇన్ని పెళ్లిళ్లు ఎందుకన్నది కూడా చార్టులోనే కనిపిస్తుంది. 1521–22లో అన్నదమ్ములు చార్లెస్, ఫెర్డినాండ్ ఆస్తి పంచుకున్నారు. ఆ తర్వాత వేసే ప్రతి ఎర్ర గీత నీలం గడిని ఆకుపచ్చ గడికి మళ్లీ కుట్టే దారమే. జర్మనీ రాజకుటుంబాలు చాలా వరకు ప్రొటెస్టెంట్లయ్యాక, హోదాకి తగిన కాథలిక్ సంబంధాలు ఎలాగూ తగ్గిపోయాయి.

ఇంకో గుర్తు తప్పకుండా పెట్టండి: నల్ల త్రికోణం. పెళ్లిళ్లతో రాజ్యాలు సంపాదించిన వంశం అని అందరూ అంటారు, కానీ పెళ్లి ఒక్కటే రాజ్యం తెచ్చిపెట్టలేదు, మధ్యలో వారసులు పోవాలి. 1477లో నాన్సీ యుద్ధంలో బర్గండీ డ్యూక్ చార్లెస్ పోయాడు, కూతురు మేరీతో బర్గండీ ఆస్తి వచ్చింది. స్పెయిన్ రావడానికి వరసగా మూడు చావులు: 1497లో హువాన్, 1498లో హువానా పెద్దక్క, 1500లో ఆమె పసివాడు మిగేల్. అప్పటికి గానీ హువానా వారసురాలు కాలేదు. 1526లో మొహాచ్ యుద్ధంలో లూయీ పోతేనే హంగరీ, బొహీమియా సింహాసనాలు ఫెర్డినాండ్‌కి దక్కాయి. 1578లో సెబాస్టియన్ మొరాకోలో, 1580లో ముసలి రాజు హెన్రీ పోయాక పోర్చుగల్. ఈ త్రికోణాలు సంవత్సరం ఎత్తులోనే ఎడమ నిచ్చెన పక్కన వేయండి. కుండ గుర్తుకీ దాని త్రికోణానికీ మధ్య దూరం కొలిస్తే, పెళ్లి పండడానికి ఎన్నేళ్లు పట్టిందో తెలుస్తుంది.

ఇక కుడివైపు వదిలిన 7 సెం.మీ. అది బంగాళాఖాతం పట్టీ. భీమిలి డచ్చి సమాధులు చూసినవాళ్లకి ఈ వంశం అంత దూరంది కాదు. ఆ డచ్చివాళ్లు రెండో ఫిలిప్ మీద తిరగబడిన జనం సంతతి. 1568 (29.5 సెం.మీ.) – తిరుగుబాటు మొదలు. 1581 (32.75) – ఫిలిప్ మా రాజు కాడని ప్రకటన. 1580 నుంచి 1640 దాకా నిలువు గీత – పోర్చుగల్‌తో పాటు గోవా కూడా స్పెయిన్ హాబ్స్‌బర్గుల కింద ఉన్న కాలం. 1602 (38) – డచ్ ఈస్టిండియా కంపెనీ. 1648 (49.5) – స్పెయిన్ డచ్చి స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంది. భీమిలిలో వాళ్ల స్థావరం ఆ 17వ శతాబ్దానిదే.

రెండో షీటు 1700 నుంచి 1918. కొలత అదే, పైఅంచే 1700. పోటీ పరీక్షలు రాసేవాళ్లకి ఎక్కువ పనికొచ్చేది ఇదే, గీయడం మాత్రం తేలిక. మరియా థెరీసా (1717 – 4.25 సెం.మీ.), భర్త లొరేన్ ఫ్రాన్సిస్ (1708 – 2), కొడుకులు రెండో జోసెఫ్ (1741 – 10.25), రెండో లియోపోల్డ్ (1747 – 11.75), కూతురు మేరీ ఆంటొనెట్ (1755 – 13.75), రెండో ఫ్రాన్సిస్ (1768 – 17), ఫెర్డినాండ్ (1793 – 23.25), ఫ్రాంజ్ జోసెఫ్ (1830 – 32.5), ఫ్రాంజ్ ఫెర్డినాండ్ (1863 – 40.75), కార్ల్ (1887 – 46.75). మరియా థెరీసా దగ్గర మగసంతతి ఆగి వంశం పేరు హాబ్స్‌బర్గ్–లొరేన్ అయింది, అక్కడి నుంచి పెన్ను రంగు మార్చండి. ఆమెకి 16 మంది పిల్లలు, అందరికీ గళ్లు వేయబోకండి. ఆమెని "చక్రవర్తిని" అని రాస్తే, భర్త 1745లో చక్రవర్తి అవడం వల్ల వచ్చిన బిరుదు అది అని పక్కన రాయండి. హంగరీ, బొహీమియాలకి మాత్రం ఆమే సొంత హక్కుతో పాలకురాలు. రెండో ఫ్రాన్సిస్ గడిలో రెండు సంఖ్యలు: పవిత్ర రోమన్ చక్రవర్తిగా రెండోవాడు (1806లో ఆ పదవే రద్దు), ఆస్ట్రియా చక్రవర్తిగా 1804 నుంచి మొదటివాడు. ఆస్ట్రియా–హంగరీ అన్న మాట 1867కి పైన ఎక్కడా రాయకూడదు.

ఎర్ర పెన్ను ఇక్కడా కావాలి. రెండో ఫ్రాన్సిస్ 1790లో చేసుకున్న నేపుల్స్ మరియా థెరీసా అతనికి మేనత్త కూతురు, మేనమామ కూతురు రెండూ, మళ్లీ కుండమార్పిడి ఇంటి పిల్లే. వాళ్ల కొడుకు ఫెర్డినాండ్ మూర్ఛరోగంతో బాధపడి 1848లో గద్దె దిగాడు. ఫ్రాంజ్ జోసెఫ్, ఎలిజబెత్ (1854) అక్కచెల్లెళ్ల పిల్లలు, అలల గీత. ఫ్రాంజ్ ఫెర్డినాండ్ ఫ్రాంజ్ జోసెఫ్‌కి తమ్ముడి కొడుకు, కార్ల్ అదే తమ్ముడి మనవడు. పుస్తకాల్లో "నెఫ్యూ" చూసి మేనల్లుడు అని రాసేవాళ్లున్నారు, అది తప్పు.

ఈ షీటు బంగాళాఖాతం పట్టీలో 1722 (5.5) దగ్గర ఓస్టెండ్ కంపెనీ. ఆరో చార్లెస్ పత్రమిచ్చిన ఈ కంపెనీకి చెన్నై దక్షిణాన కోవళంలో స్థావరం ఉండేది. 1731 (7.75)లో దాన్ని మూసేశాడు, కూతురు మరియా థెరీసా వారసత్వాన్ని ఇంగ్లండ్ ఒప్పుకోవడానికి అదే వెల. 1778 (19.5) దగ్గర నికోబార్: ఆస్ట్రియా ఓడ ఒకటి వచ్చి నాలుగు దీవుల్ని తమవన్నది, కొన్నేళ్లకే వదిలేశారు.

తగిలించేటప్పుడు రెండు షీట్లూ పక్కపక్కన కాదు, ఒకదాని కింద ఒకటి. మొదటి షీటు అడుగున 1.6 సెం.మీ. మిగులుతుంది, రెండో షీటు అంచుని దాని మీద 1700 గీతకి ఆనించి అతికించండి. సముద్రం వైపు గాలి తగిలే గోడ వద్దు. ఇనుప పిన్నులు వానాకాలం తిరక్కుండా తుప్పు పట్టి చార్టు మీద గోధుమరంగు మరక దించుతాయి, ప్లాస్టిక్ క్లిప్పులో పైనా కిందా చెక్క బద్దలో వాడండి. మొత్తం ఎత్తు 140 సెం.మీ. దాటుతుంది. కార్లోస్ గడి నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా ఉండేలా కడితే, పద్నాలుగు దారులూ మెడ ఎత్తకుండానే వేలుతో పట్టుకోవచ్చు.